పాలివ్వని జీవి

జూన్ 14, 2025

క్లినిక్ గోడకి కన్సల్టేషన్ ఫీజు అని ఒక అట్ట వేలాడుతుంటుంది. ఫీజు పెరిగినప్పుడల్లా అట్ట మార్చరు, అంకె మీద కొత్త స్టిక్కరు అంటిస్తారు. ఇవాళ ఆరు వందలు. మా కుక్క జూలీ వంతు వచ్చేదాకా నాకేం పని లేదు కనక గోటితో అంచు లేపి చూశాను. కింద ఐదు వందలు, దాని కింద మూడు వందల యాభై. ఇంకా కింద ఏదో ఉంది గానీ కౌంటర్లో కుర్రాడు నా వంకే చూస్తున్నాడు.

ఇది మరీ అన్యాయమా అని దారిలో ఆలోచించాను. కాలేజీలో కామర్సు చెప్పేదాన్ని, అంకె కనిపిస్తే ఊరుకోలేను. మా ఇంటి డాక్టరు కూడా ఈ మధ్యలోనే ఫీజు దాదాపు రెండింతలు చేశాడు. స్కూలు ఫీజు, కర్రీ పాయింటు పప్పు, షట్టరు అద్దె అన్నీ పెరిగాయి. ఒక్క ఫీజుతో పోయేదైతే ఇంత గోల ఉండదు. సాయంత్రం పార్కులో కుక్కల్ని తిప్పేవాళ్ళు ఒకప్పుడు జాతి గురించి, తిండి గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరికెంత బిల్లయింది అన్నదే కబురు. ఫీజు ఆ బిల్లులో మొదటి వరస, అంతే.

జూన్ 19

జూలీ నిన్నటి నుంచి గిన్నె ముట్టలేదు. లాబ్రడార్ అన్నం మానేసిందంటే ఇంట్లో అందరికీ జ్వరం వచ్చినట్టే. చెవి మడతలో పిడుదులు దొరికాయి. నాలుగు చినుకులు పడగానే ఇవెక్కడి నుంచి పుట్టుకొస్తాయో. చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి. డాక్టరమ్మ చూసి, "టిక్ ఫీవర్ అనిపిస్తోంది మేడం, కానీ రక్తం చూడకుండా చెప్పను" అంది.

ఫీజు 600. రక్తకణాల లెక్క 650. లివరు, కిడ్నీ పరీక్షలు 1,400. పిడుదుల జ్వరాలకి కిట్ పరీక్ష 1,900. సెలైను, ఇంజెక్షన్లు 1,100. మొత్తం 5,650. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఎర్లీకియా అని తేలింది. పిడుదు కరిచినప్పుడు లోపలికి దిగి తెల్లకణాల్లో కాపురం పెట్టే సూక్ష్మజీవి అది.

దీనికి మందు డాక్సీసైక్లిన్. మనకి స్క్రబ్ టైఫస్‌కీ, ఎలుక జ్వరానికీ రాసేదే. బరువును బట్టి రోజూ, ఇరవై ఎనిమిది రోజులు. మనుషుల అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి దాని రేటుకి ప్రభుత్వమే హద్దు గీసింది. మందుల షాపులో మొత్తం కోర్సుకి ఆరు వందలు కూడా కాలేదు.

జబ్బు తగ్గడానికి ఆరు వందలు. అదేం జబ్బో తెలుసుకోవడానికి పరీక్షలకే దానికి ఆరు రెట్ల పైన. పశువైద్యం ఖరీదెక్కిందంటే మందులు ఖరీదెక్కాయనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

జూన్ 20

నాన్నగారు రేపల్లె వైపు పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మా దగ్గరే. బిల్లు ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష పేపరు చదివినట్టు చదివారు.

"మేం కనురెప్ప కింద చూసేవాళ్ళం. తెల్లగా ఉంటే రక్తం లేదు, పచ్చగా ఉంటే కామెర్లు. వెనక థర్మామీటరు. పేడ రంగు. మా ల్యాబు అంతే."

"మరి సరిపోయేదా నాన్నా?"

"సరిపోయినవి చెప్పుకున్నాం. సరిపోనివి చచ్చిపోయాయి. ఎందుకు పోయిందో ఎవరడిగారు?"

మా వయసు వాళ్ళు పాతకాలాన్ని మెచ్చుకుంటూ ఉంటే ఆయన ఇలాంటి మాటొకటి అని పేపరు తీస్తారు.

జూన్ 28

జూలీ ఇవాళ బిస్కట్టు అడిగింది.

మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ లేక నాన్నగారు బాల్కనీలో కూర్చుని మాటల్లో పడ్డారు. ఆ రోజుల్లో వచ్చే జబ్బుల పేర్లు వరసగా చెప్పారు: గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు, పొదుగువాపు. రైతు గేదెని తోలుకొస్తే డాక్టరు చూసి ఇంత అవుద్దిరా అనేవారట. వాడు అక్కడే నిలబడి లెక్కేసుకునేవాడు. గేదె రేటెంత, పూటకెన్ని లీటర్లు, ఎన్నో ఈత. గిట్టుబాటైతే సరే, లేకపోతే "వద్దులెండి" అని తోలుకుపోయేవాడు. "కళ్ళంట నీళ్ళు కారేవి గానీ లెక్క మాత్రం తప్పేది కాదు. ఎవరూ వాణ్ణి తప్పు పట్టేవాళ్ళు కూడా కాదు" అన్నారు.

రాత్రి నిద్ర పట్టక ఇదే ఆలోచన. గేదెకి రేటుంది కనక వైద్యానికి హద్దుంది. జూలీని కొన్నప్పుడు ఒక రేటుంది. ఇవాళ ఎవరికైనా ఇస్తానంటే ఎదురు డబ్బులిచ్చినా తీసుకోరు, ఎనిమిదేళ్ళ కుక్క. అది పాలివ్వదు, దున్నదు, ఈ అపార్టుమెంటులో కాపలా కూడా వాచ్‌మన్‌దే. రేటు లేని జీవికి వైద్యం ఎంతవరకు? సున్నా అనేవాళ్ళు ఉన్నారు: "కుక్కకా ఇంత?" ఎంతైనా పరవాలేదు డాక్టరుగారూ అనేవాళ్ళూ ఉన్నారు. మిగతా అందరం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉన్నాం. ఎక్కడున్నామో మనకే తెలియదు, జీవి బల్ల మీదకి ఎక్కాక గానీ.

మన పశువైద్యం మొత్తం ఆ గేదె లెక్క మీద కట్టిందే. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వ్యాను కదిలే ఏర్పాటు తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2022లో వచ్చింది. ప్రధానంగా పాడి పశువుల కోసం. అందులో తప్పేం లేదు, ఒక గేదె పోతే ఒక ఇంటి రాబడి పోతుంది. కుక్క పోతే ఇంటి రాబడి పోదు. అందుకే దాని వైద్యం సర్కారు లెక్కలో ఓ మూలకి పోయి, మొత్తం షట్టరు క్లినిక్కుల మీద పడింది.

జూలై 6

జునోసిస్ డే, జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల రోజు. 1885లో ఇదే రోజున పాశ్చర్ ఓ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లాడికి, జోసెఫ్ మీస్టర్‌కి, మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ గుర్తుగా మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఈ రోజు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. జూలీకి ఇంకా నీరసం తగ్గలేదు, టీకా ఇప్పుడు కుదరదు. అయినా కాలక్షేపానికి నాన్నగారిని తీసుకెళ్ళాను.

లైను చూస్తే సంబరంగా ఉంది. హస్కీ ఒకటి నాలుక నేలకి ఆనేలా రొప్పుతోంది. సైబీరియాలో బండి లాగాల్సింది కూకట్‌పల్లిలో రోడ్డు మీద నిలబడింది. దాని వెనక ప్లాస్టిక్ తాడుతో కట్టిన ఊరకుక్క. ఆ వెనక తువ్వాల్లో చుట్టిన కూన, దాన్ని పట్టుకున్న పిల్లకి చెప్పుల్లేవు. నాన్నగారు అక్కడి అటెండరుతో ఐదు నిమిషాల్లో చుట్టరికం కలిపేశారు.

ఉచితం ఒక్క రేబిస్‌కే. డిస్టెంపరు, పార్వో, హెపటైటిస్ అన్నీ కలిపిన టీకా బయట కొనుక్కోవాలి. నెలన్నర, రెండు నెలల వయసులో మొదలుపెట్టి విడతలుగా వేయించాలి, ఆపైన బూస్టర్లు. రేబిస్ టీకా వేయించుకున్న వాళ్ళలో సగానికి సగం ఈ కలిపిన టీకా వేయించరని అటెండరే చెప్పాడు. ఆయన అంచనా, ఆయన లైను.

జూలై 11

అనుకున్నంతా అయింది. వాచ్‌మన్ పిల్లలు సెల్లారులో పెంచుతున్న కూనకి నెత్తుటి విరేచనాలు. లిఫ్టు దగ్గరికి వస్తేనే ఆ వాసన. పార్వో వాసన ఒకసారి తెలిస్తే మర్చిపోలేం. 1978 దాకా లోకంలో ఎవరికీ తెలియని వైరస్ అది. వైరస్‌ని నేరుగా చంపే మందంటూ మన క్లినిక్కుల్లో లేదు. శరీరం తనంతట తాను గెలిచేదాకా సెలైనుతో నిలబెట్టాలి, వాంతులు ఆపాలి, ఇంకో ఇన్ఫెక్షన్ రాకుండా చూడాలి. కూన బతకాలంటే ఎవరో ఒకరు రోజుల తరబడి దాని పక్కన కూర్చోవాలి.

దగ్గర్లో క్లినిక్కు వాళ్ళు అడ్మిట్ చేస్తే పద్దెనిమిది నుంచి ఇరవై వేలు అన్నారు. వాచ్‌మన్ జీతం పన్నెండు వేలు. అతను నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఊరకుక్కే కదా, పిల్లలు ఏడుస్తున్నారు గానీ" అని సగంలో ఆపేశాడు.

జూలై 15

కూనని రోజూ నారాయణగూడ ప్రభుత్వ ఆసుపత్రికి తిప్పారు. పెద్దవాడు ఏడో తరగతి, సెలైను బాటిలు పట్టుకుని నిలబడ్డాడట. అక్కడ ఖర్చు అంతంతే. ఆటోలకే వాచిపోయింది. వాంతి చేసుకునే కుక్కని ఎక్కించుకోనన్నవాళ్ళు కొందరు, ఎక్కించుకుని రెట్టింపు తీసుకున్నవాళ్ళు కొందరు. పిల్లాడి బడి పోయింది, వాచ్‌మన్ భార్య రెండిళ్ళలో పని పోగొట్టుకుంది. వీటికి బిల్లు రాదు.

ఫ్లాట్ల వాళ్ళం తలా కొంచెం వేశాం. కూన బతికింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, కానీ తోక ఊపుతోంది.

జూలై 19

జూలీ రీచెక్. ప్లేట్‌లెట్లు లేచాయి. క్లినిక్కులో ఎవరూ లేరు, డాక్టరమ్మకి కాసేపు తీరిక దొరికింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. నేను స్టిక్కరు సంగతి ఎత్తితే నవ్వింది.

ఐదున్నరేళ్ళ చదువు, ఆ తర్వాత సర్జరీలో పీజీ. బ్యాంకు లోనుతో ఎక్స్‌రే, రక్తపరీక్ష మెషీను, గ్యాసు అనస్థీషియా పెట్టుకుంది. మెషీన్లో వేసే కార్ట్రిడ్జులకి గడువుంటుంది, కేసులు రాకపోతే పారేయాలి. టీకాల్లో ఎక్కువ దిగుమతివే. కరెంటు పోతే ఫ్రిజ్‌లో టీకాలు పాడవకుండా ఇన్వర్టరు, రాత్రి చూసుకోవడానికి మనిషి. మనుషుల ఆసుపత్రిలో మత్తిచ్చేవాళ్ళు వేరు, కోసేవాళ్ళు వేరు, స్కాన్ చదివేవాళ్ళు వేరు. ఇక్కడ అన్నీ తనే, పన్ను పీకడంతో సహా.

"ముందే ఎస్టిమేట్ చెప్తే భయపడి వెళ్ళిపోతారు మేడం. రెండు రోజులకి ఇంకా పాడై వస్తుంది కుక్క. తర్వాత చెప్తే దోచుకున్నావంటారు. గూగుల్లో ఒక స్టార్ పెడతారు."

"అయినా ముందు చెప్పడమే మంచిదమ్మా" అన్నాను.

"మంచిదే" అంది. కానీ గోడ మీద ఆ ఒక్క ఫీజు తప్ప ఇంకే రేటూ లేదు.

ఇంకో మాట కూడా అంది. ముంబై మహాలక్ష్మిలో టాటా ట్రస్టులు 165 కోట్లతో కట్టిన జంతువుల ఆసుపత్రి 2024లో తెరిచారు కదా, అలాంటివి టీవీలో చూసినప్పటి నుంచి యజమానులు సీటీ ఉందా, ఎమ్మారై ఉందా అని అడుగుతున్నారట. నిజమే. స్కాను లేని రోజుల్లో కుక్క పోతే ఖర్మ అనుకునేవాళ్ళం. స్కానంటూ ఒకటుండి, తీయించకుండా పోతే అది మనం చేసిన పని అవుతుంది. ఖర్చు ఒక్కటే పెరగలేదు, చేయాల్సింది చేయలేదన్న బాధ కూడా పెరిగింది. ఆ బాధకి ఎంత అడిగినా ఇస్తారు జనం. అది తెలిసి కూడా అడగనివాళ్ళు మంచి డాక్టర్లు. అందరూ అలా ఉంటారని చెప్పలేను.

జూలై 30

బిల్లుల ఫైలు సర్దుతుంటే వింతొకటి. పశువైద్యశాల సేవలకి జీఎస్టీ లేదు. ప్యాకెట్లో వచ్చే కుక్క తిండికి పద్దెనిమిది శాతం. కాబట్టి ఆసుపత్రి బిల్లు పెరిగినందుకు పన్నును తిట్టలేం, తిండి బిల్లుకైతే కొంత తిట్టుకోవచ్చు.

ఆ తిండి ప్యాకెట్ వెనక చూస్తే మార్స్. చాక్లెట్ల కంపెనీ. పెడిగ్రీ వాళ్ళదే, రాయల్ కానిన్ వాళ్ళదే, మన సిద్దిపేట జిల్లాలో ఫ్యాక్టరీ కూడా ఉంది. అమెరికాలో బాన్‌ఫీల్డ్, బ్లూపెర్ల్ అనే జంతువుల ఆసుపత్రులూ వాళ్ళవే. 2017లో వీసీఏ అనే ఇంకో పెద్ద గొలుసుని తొమ్మిది వందల కోట్ల డాలర్ల పైన పెట్టి కొన్నారు. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ ఉంటుంది, కుక్కలకి విషం. తిన్న కుక్కని తీసుకెళ్ళే ఆసుపత్రి కూడా వాళ్ళదే కావచ్చు. ఇది మా అమ్మాయికి చెప్తే అరగంట నవ్వింది.

ఆగస్టు 9

ఐదో అంతస్తు కుర్రాడి పిల్లి పోయింది. ఒళ్ళు కాలుతోందని రాత్రి పారాసిటమాల్ సగం బిళ్ళ వేశాడు. క్లినిక్కుకి వెళ్తే పదిహేను వందలు తక్కువ కాదు, నెలాఖరు నుంచి చేతిలో డబ్బుల్లేవు, చంటిపిల్లలకి కూడా ఇచ్చే మందే కదా అనుకున్నాడు. పిల్లి లివరుకి ఆ మందుని విరిచే శక్తి లేదు. రక్తం గోధుమరంగుకి తిరిగి ఆక్సిజన్ మోయలేకపోతుంది. విరుగుడుంది, ఎసిటైల్‌సిస్టీన్, కానీ గంటలే గడువు. తెల్లారి మొహం వాచాక తీసుకెళ్ళాడు.

ఖర్చు పెరిగితే జనం వైద్యం మానేస్తారనుకుంటాం. మానరు, సొంత వైద్యం మొదలుపెడతారు. కుక్కలకి ఐబుప్రొఫెన్, గేదెలకి వాడే ఐవర్‌మెక్టిన్ అంచనా మీద, గజ్జికి ఇంజనాయిలు. ఇవన్నీ నేను పార్కులో విన్నవే.

ఆగస్టు 10

పిల్లి సంగతి విని నాన్నగారు డైక్లోఫెనాక్ ఎత్తారు. తొంభైల్లో ఆసుపత్రికి ఆ ఇంజెక్షను వచ్చినప్పుడు పండగలా ఉందట. చవక, కుంటే ఎద్దు సాయంత్రానికి నడిచేది. ఆ ఎద్దు తర్వాత చస్తే పీక్కుతిన్న రాబందులకి మూత్రపిండాలు పోయాయి. మన దేశంలో తెల్లవీపు రాబందులు తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాక, 2004లో గానీ కారణం తేలలేదు. 2006లో పశువులకి వాడకం నిషేధించారు. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్ కూడా ఆపారు. ఇప్పుడు మెలాక్సికామ్ వాడుతున్నారు.

"మా ఊరి చెరువుగట్టు మీద చెట్టు నిండా ఉండేవి. ఇంజెక్షన్ పొడిచింది మేమే" అన్నారాయన. ఇంకేం అనలేదు. చవకైన మందుకి బిల్లు ఇంకో అడ్రసుకి పోయింది.

ఆగస్టు 24

ఎదురింటి ఆంటీ పామరేనియన్ పింకీకి గర్భసంచిలో చీము. పిల్లల ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి కాస్త వయసు మళ్ళాక, ఎదకొచ్చి వెళ్ళిన కొన్ని వారాలకి వస్తుంది. నీళ్ళు తెగ తాగుతుంది, తిండి మానేస్తుంది. సంచి లోపలే పగిలితే ప్రాణం పోతుంది. "మూగజీవికి ఆపరేషనెందుకమ్మా, పాపం" అనుకుని చిన్నప్పుడు చేయించలేదావిడ. అప్పుడైతే పది పన్నెండు వేలతో పోయేది. ఇప్పుడు రాత్రిపూట ఎమర్జెన్సీ, స్కాను, ఆపరేషను, మూడు రోజుల బెడ్డు కలిపి ముప్పై ఎనిమిది వేలు.

కౌంటర్లో కుర్రాడు తాపీగా, "నో కాస్ట్ ఈఎంఐ ఉందాంటీ, ఆరు నెలలు" అన్నాడు. ఆంటీ ఫ్రిజ్‌కి కట్టింది, వాషింగ్ మెషీన్‌కి కట్టింది. ఇప్పుడు పింకీకి కడుతుంది. చవితికి పత్రి కొనడానికి ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం, ఈసారి నువ్వే తెచ్చిపెట్టు అంది.

సెప్టెంబర్ 5

ఇన్సూరెన్సు చేయించుకోవచ్చు కదా అని కాలేజీలో ఒకరి సలహా. ఖాళీ పీరియడ్‌లో రెండు పాలసీలు చదివాను.

పశువుల బీమా నాన్నగారికి కంఠోపాఠం. గేదె చెవికి ట్యాగు కుడతారు. చస్తే ఆ ట్యాగు కోసి తేవాలి, ట్యాగు లేకపోతే క్లెయిము లేదు. కుక్కకి అయితే మైక్రోచిప్పో, ఫొటోలో. ప్రభుత్వ బీమా కంపెనీలు కుక్కల్ని ఎప్పటి నుంచో పశువుల పక్కన ఓ వరసలో పెట్టుకున్నాయి. ప్రైవేటు కంపెనీలు ప్రత్యేకంగా కుక్కల ఆరోగ్య బీమా అంటూ దిగింది 2020 నుంచే. స్వీడన్‌లో 1924లోనే మొదలైందది, అక్కడ ఎక్కువ కుక్కలకి బీమా ఉంది.

నేను చదివిన వాటిలో ముందే ఉన్న జబ్బుకి డబ్బు రాదు. టీకాతో ఆగే జబ్బుకి, టీకా వేయించకపోతే రాదు. మొదట్లో కొంతకాలం దేనికీ రాదు. ముసలైతే అసలు తీసుకోరు. జూలీ వయసు చూసి ఏజెంటు ఫోన్లోనే గొంతు మార్చాడు. చిన్న కూన తెచ్చుకునేవాళ్ళు తప్పకుండా చూడాల్సిన సంగతే ఇది, మాకు మాత్రం ఆ బండి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 22

మందుల మీద జీఎస్టీ ఇవాళ్టి నుంచి పన్నెండు నుంచి ఐదుకి దిగింది. షాపతను హుషారుగా చెప్పాడు. సంతోషమే. కానీ నా ఫైలు ప్రకారం బిల్లులో మందుల వాటానే చిన్నది. బతుకమ్మ పూలు కొన్నాను, తంగేడు కట్ట నిరుటికంటే ఇరవై ఎక్కువ.

అక్టోబర్ 16

ఇంగ్లండ్‌లో రెడింగ్ నుంచి అక్క కూతురి ఫోను. దాని పిల్లికి పన్ను పీకించి ఆరువందల పౌండ్లు కట్టిందట. "పిన్నీ, నా పన్ను పీకించుకోవడానికి కూడా అంత కాలేదు" అంటోంది.

అక్కడ ఈ వ్యవహారం ప్రభుత్వం దాకా వెళ్ళింది. వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందా లేదా చూసే సంస్థ, సీఎంఏ, 2023లో తీగ లాగింది. 2013లో పదింట ఒక క్లినిక్కు పెద్ద గ్రూపుల చేతిలో ఉంటే, 2021కి పదింట ఆరుకి చేరువైంది. బోర్డు మీద పాత డాక్టరు పేరే ఉంటుంది, లోపల యజమాని మారిపోతాడు. 2016 నుంచి 2023 లోపు వైద్యం ధరలు 63 శాతం పెరిగాయి, మామూలు ధరల పెరుగుదలకి దాదాపు రెట్టింపు. నిన్న ఆ సంస్థ తన తాత్కాలిక తీర్పు బయటపెట్టింది: రేట్ల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి, యజమాని ఎవరో చెప్పాలి, మందు బయట కొనుక్కోవడానికి చీటీ రాసిస్తే 16 పౌండ్లకు మించి తీసుకోకూడదు.

చీటీ రాసినందుకు పౌండ్లు తీసుకుంటారా అని నాన్నగారు రెండుసార్లు అడిగారు.

మన దగ్గర కూడా గొలుసు క్లినిక్కులు వస్తున్నాయి, అద్దాల తలుపులు, యాప్‌లో అపాయింట్‌మెంటు. చెడ్డవని అనను. మా డాక్టరమ్మ లాంటి వాళ్ళకి రాత్రి డ్యూటీ తప్పుతుంది, నెల జీతం వస్తుంది. కానీ అక్కడ పదేళ్ళు పట్టిన పని, రేట్లు గోడ మీద పెట్టమనడం, ఇక్కడ గొలుసులు పూర్తిగా బిగుసుకోకముందే చేయొచ్చు. డాక్టర్లని రేటు తగ్గించమని నేను అడగను. రేటు ఎంతో, ఎందుకో జీవి బల్ల ఎక్కకముందు చెప్పమంటాను. గేదె రైతుకి ఆ పాటి మర్యాద దక్కింది.

అక్టోబర్ 20

దీపావళి. జూలీ బాత్రూంలో, బకెట్ వెనక. డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళ సాయంత్రమే వేశాం. కింద లక్ష్మీబాంబులు కాల్చేవాళ్ళలో ఇద్దరికి కుక్కలున్నాయి.

నవంబర్ 2

మూడో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారి జర్మన్ షెపర్డ్‌ని నిద్రపుచ్చారు. పదమూడేళ్ళు. కిడ్నీలు. ఎండాకాలం నుంచి వారానికి రెండుసార్లు సెలైను. ఆయన నన్ను చూసి, నేను అడక్కుండానే, "లక్షా నలభై దాకా అయిందమ్మా. ఇంకా పెట్టగలను. కానీ అది లేవలేకపోతోంది" అన్నారు. భార్య పక్కనుంచి, "డబ్బు సంగతెందుకు ఇప్పుడు" అని కసిరింది.

ఎందుకు చెప్పారో నాకు తెలుసు. డబ్బు కోసం ఆపలేదని నేను నమ్మాలి. డబ్బు కోసమే ఆపి ఉంటే? అప్పుడు కూడా ఆయన్ని తప్పు పట్టేదాన్ని కాదు, కానీ ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయేవారు. ఆ రైతు ఆసుపత్రి వాకిట్లో నిలబడి నలుగురి ముందూ "వద్దులెండి" అన్నాడు. మనకి ఆ మాట నోట్లోంచి రాదు. అంతస్తు, ఉద్యోగం, ఫోన్లో కుక్క బర్త్‌డే ఫొటోలు అన్నీ అడ్డం వస్తాయి.

నవంబర్ 9

భోజనాల దగ్గర నేనే ఎత్తాను, జూలీకి ఎంతదాకా అని. జబ్బు రాకముందే ఒక అంకె అనుకుంటే మంచిదన్నాను. మావారు అన్నం కలుపుకుంటూ, "యాభై వేలు" అన్నారు, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు. మా అమ్మాయి కంచం తోసేసింది. "నాకు ఆపరేషనైతే కూడా ఇలాగే లిమిట్ పెడతావా నాన్నా?" అని. ఆయన మొహం చూడాలి.

నాన్నగారు మజ్జిగ పోసుకునేదాకా ఆగి, అంకె వద్దు, నొప్పి తగ్గించే ఖర్చుకి హద్దు పెట్టకండి, ప్రాణం పొడిగించే ఖర్చుకి పెట్టుకోండి అన్నారు. మా అమ్మాయి దానికీ ఒప్పుకోలేదు. రెండూ వేరని ఎవరు చెప్తారు తాతయ్యా, డాక్టరేనా, బిల్లు వేసేది ఆవిడే కదా అంది. కామర్సు లెక్చరరు కూతురు. ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

చివరికి తేలిందల్లా నెలకి రెండు వేల చొప్పున జూలీ పేరు చెప్పి ఆర్‌డీ కట్టడం. అంకె మీద మళ్ళీ ఆదివారం కూర్చోవాలట. రేపు బ్యాంకు ఫారం తేవాలి. పిడుదుల బిళ్ళ అయిపోయింది, అది కూడా. రేబిస్ టీకా ఇంకా బాకీ ఉంది.